ఏడు గంటల కంచం

మా ఇంట్లో ఆకలికి కూడా షిఫ్టులున్నాయి. బావకి ఏ షిఫ్టు పడితే ఇంటిల్లిపాదికీ ఆ వేళకే ఆకలి వెయ్యాలి. ఎ షిఫ్టు వారం, అంటే పొద్దున్న డ్యూటీ, మధ్యాహ్నం మూడింటికి అన్నం. బి షిఫ్టు వారం, అంటే రాత్రి పదింటిదాకా డ్యూటీ, పదకొండింటికి. ముందు ఆయన తినాలి, ఆయన తిన్నాక మా అత్త తినాలి, ఆవిడ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది నేను తిని, అంట్లు తోమి నడుం వాల్చాలి. ఇరవై ఏళ్ళు అలాగే వాల్చాను. వాల్చిన కాసేపటికే గుండెల్లో మంట, గొంతులోకి పుల్లటి నీళ్ళు. లేచి కూర్చుని మజ్జిగో సోడానో తాగి మళ్ళీ పడుకునేదాన్ని. ఆడదానికి ఆమాత్రం మంట ఉండదా అనుకునేదాన్ని. అలా అనుకోవడం నాకు ఎవరు నేర్పారో గానీ వాళ్ళ నోట్లో మన్ను పడ.

బావ అంటే నా మొగుడే, సాయిశంకర్. స్టీల్‌ప్లాంటులో కడ్డీలు తీసే మిల్లులో పని. ఉక్కునగరంలో కంపెనీ క్వార్టరు. మా అబ్బాయి కాకినాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. ఇంట్లో మేం ముగ్గురమే. మా అత్త కాశమ్మ నాకు సొంత మేనత్త, మా నాన్నకి అక్క. ఆనందపురం అవతల మా ఊళ్ళో పెళ్ళి చేసినప్పుడు, మేనత్త ఇంటికే కదా వెళ్తోంది, కడుపులో పెట్టుకుని చూసుకుంటుంది అని అందరూ తెగ సంబరపడ్డారు. ఎంత బాగా చూసుకుందో చెప్తాను.

పోయిన ఉగాది ముందు కొత్తమావాస్య పండగ నాడు మొదలైంది. ఇంటినిండా చుట్టాలు. వాళ్ళందరికీ వడ్డించి నేను కంచం ముందు కూర్చునేసరికి సాయంత్రం టీ వేళయింది. రెండో ముద్ద గుండెల దగ్గర ఆగిపోయింది. కిందికి దిగదు, పైకి రాదు. నీళ్ళు తాగితే నీళ్ళు కూడా ఆ ముద్ద మీదే నిలబడ్డాయి. కళ్ళు తేలేశాను. పై క్వార్టర్ నూకాలు నా వీపు మీద దబదబా గుద్దుతూ బావని కేకేసింది. అత్త పాయసం గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి చూసింది.

"గబగబా మింగితే అలాగే అవుతాది. ఎవులు తరుముతున్నారే నిన్ను?" అంది.

అంతకు నిమిషం ముందు, పాయసం మళ్ళీ వడ్డించాలి బేగి రా అని నన్ను పిలిచిన మనిషి ఆవిడే.

గాజువాకలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు బావ. చిన్న వయసు, మాట మాత్రం సూటి. గొంతులోంచి గొట్టం దింపి చూసింది. అన్నం దిగే గొట్టం కింది భాగమంతా పుళ్ళు పడ్డాయంది. ఇలాగే వదిలేస్తే ఆ పుళ్ళు మాని, మళ్ళీ రేగి, గొట్టం సన్నబడిపోతుందనీ, ఆ తర్వాత ముద్ద కాదు కదా గంజి దిగడమే కష్టమనీ చెప్పింది. మాత్రలు రాసింది. మంచానికి తలవైపు ఇటుకలు పెట్టమంది, ఎడమవైపు తిరిగి పడుకోమంది, టీలు తగ్గించమంది.

"రాత్రి ఎన్నింటికి తింటారు?" అని అడిగింది.

"బావ షిఫ్టుని బట్టి ఉంటాదమ్మా."

"ఆయన షిఫ్టుకీ మీ కడుపుకీ సంబంధం ఏంటి?"

నేను బావ వంక చూశాను. బావ గోడమీద కేలండర్ వంక చూశాడు.

"రాత్రి అన్నానికీ పడకకీ మధ్య మూడు గంటలుండాలి. ఏడింటికల్లా తినెయ్యండి. మాత్ర చేసేది సగం పనే, మిగతా సగం ఈ ఏడు గంటల అన్నమే" అంది డాక్టరమ్మ. ఆటోలో వస్తున్నంతసేపూ బావ ఇటుకల గురించి మాట్లాడాడు. ఎక్కడ దొరుకుతాయి, ఎన్ని కావాలి, ఎర్రవా సిమెంటువా. ఏడు గంటల మాట ఎత్తలేదు.

అత్తతో నేనే చెప్పాను. ఆవిడ హాల్లో గోడకి చేరబడి కూర్చుని ఉంది. ఆవిడ కూర్చునే చోటూ పడుకునే చోటూ అదే. గోడకి దిండు నిలబెట్టి, దానికి వీపు ఆన్చి, కాళ్ళు చాపుకుని కూర్చునే నిద్రపోతుంది. కోడలు ఎప్పుడు లేచింది, ఫ్రిజ్ ఎందుకు తెరిచింది అని కాపలాకే అలా పడుకుంటుందని నేను పెళ్ళయిన కొత్తలోనే తేల్చేసుకున్నాను.

"అత్తా, ఇంక నాను రాత్రి ఏడింటికే తినాలంట."

ఆవిడ టీవీ ఆపింది. టీవీ ఆపిందంటే యుద్ధమే.

"మొగుడు మిల్లు కాడ సెమటలు కక్కుతా ఉంటే ఇంటికాడ పెళ్ళాం కంచం ఏసుకుని కూకుంతాదా? నీ ఎంగిలి గిన్నిలో అన్నం నా కొడుక్కి పెడతావేటి?"

"విడిగా తీసి మూత పెడతాను. ఎంగిలెలాగవుతాది?"

"ముందు తింతే ఎంగిలే."

"డాట్రమ్మ సెప్పింది అత్తా."

"దానికి మొగుడు లేడేటి?"

నాకు తిక్క రేగింది. ఇటుకలు మోసుకొచ్చి చెమట తుడుచుకుంటున్న బావ మీదికి తిరిగాను.

"బావా, నువ్వు సెప్పు. సాయంత్రం కాంటీన్లో పూరీలు లాగించీసి వత్తావు గదా. నాను మధ్యానం తిన్నదే తిండి. ఆకలితో ఎవులు ఎవులి కోసం కూకుంతన్నారు?"

"ఇప్పుడు కాంటీన్ గొడవెందుకే" అన్నాడు. ఇటుకలు గట్టివా కాదా అని ఒకదాన్ని ఒకటి కొట్టి చూశాడు.

మంచానికి తలవైపు ఇటుకలు పెట్టడం మాత్రం పెట్టాడు. ఆ వారం ఎ షిఫ్టు. రాత్రి ఎనిమిదింటికే ముగ్గురి తిండీ అయిపోయేది. మంట కాస్త తగ్గింది. బావకి మాత్రం నిద్ర పట్టలేదు.

"నాను రాత్రంతా కిందికి జారతన్నాను" అన్నాడు పొద్దున్న.

"జారు."

"నిజంగానే, కాళ్ళు మంచం బయటికి వచ్చీసాయి."

"నా పీక మూసుకుపోతందిరా మగడా అంటే నీ కాళ్ళ గురించి సెప్తావేటి?" అన్నాను. దుప్పటి చంకన పెట్టుకుని హాల్లో సోఫా మీదికి పోయాడు. మొగుణ్ణి మంచం దించేసిందని అత్త మెట్ల మీద అందరికీ చెప్పింది.

ఇంతలో నా ఆడపడుచు మధులత దిగబడింది. గాజువాకలోనే ఉంటుంది. రెండేళ్ళ నుంచి ఏదో కంపెనీ పొడులూ రసాలూ మాత్రలూ అమ్ముతోంది. ఏం పని అని అడిగితే వెల్‌నెస్ కోచ్‌ని అంటుంది. పెద్ద ఆకుపచ్చ డబ్బా ఒకటి టేబుల్ మీద పెట్టింది.

"వదినా, ఇది టోటల్ నేచురల్. లోపల పుండుంటే రిపేర్ సేసీత్తాది. పరగడుపున రెండు స్పూన్లు, తొంగునే ముందు రెండు స్పూన్లు. మా గ్రూపులో ఒకావిడకి ఎప్పట్నించో ఉన్న గ్యాసు, ఒక్క డబ్బాకే పోయింది తెలుసా?"

"దీంతోపాటు ఏటేటి మానాలి?" అని అడిగాను.

"ఏటీ మానక్కర్లేదు. ఏ టైముకి తిన్నా పర్లేదు. అదే గదా దీని స్పెషలు!"

హాల్లో ఉన్న అందరి మొహాలూ వెలిగిపోయాయి. బావ ఆ డబ్బాని చేతిలోకి తీసుకుని, అన్నివైపులా తిప్పి, ఇటుకల్ని చూసినంత శ్రద్ధగా చూశాడు. ఎవరూ ఏమీ మార్చుకోనక్కర్లేదు, నేను మాత్రం పొడి తాగితే చాలు. అంతకంటే మంచి మందు ఇంకేం కావాలి వాళ్ళకి!

తాగాను. తాగలేదని రేపు నన్నే అంటారని తాగాను. గడ్డి నానబెట్టిన నీళ్ళలాగ ఉంది. బి షిఫ్టు వారం వచ్చింది. పదకొండింటికి అన్నం, దాని మీద ఆకుపచ్చ నీళ్ళు, దాని మీద మంట. నాలుగు రోజులకే గొంతు బొంగురుపోయింది. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే వాళ్ళు ఫోన్ చేసి, ఎవరండీ మాట్లాడేది అని అడుగుతున్నారు. కుట్టు మిషన్ మీదికి వంగితే చాలు నోట్లోకి పులుపు. డబ్బా వంటింటి గూట్లో పడేసి మళ్ళీ ముట్టలేదు.

అప్పుడు బావకి ఒక ఉపాయం తట్టింది. తల్లి ఎదురుగా చెప్పే ధైర్యం లేక, నేను బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే వచ్చి గుసగుసగా చెప్పాడు.

"ఏడింటికి వంటింట్లో తినీ. ఎవులికీ సెప్పకు. రాత్రి నానొచ్చాక అమ్మ ముందర రెండు ముద్దలు తిన్నట్టు యాక్షన్ సెయ్యి. ఆవిడకీ బాగుంటాది, నీకూ బాగుంటాది."

"నీకు బాగుంటాది. అది సెప్పు."

అయినా ఒప్పుకున్నాను. నా ఇంట్లో, నేను వండిన అన్నం, పొయ్యి పక్కన నిలబడి గోడకేసి తిరిగి దొంగలా మింగాను. కానీ అత్త కంటికి దొరక్కుండా ఆ ఇంట్లో ఏదైనా జరిగితే కదా! గిన్నెలో అన్నం మీద గరిటె పడిన గుర్తు చూసింది. ఆ రాత్రి, ఇరవై ఏళ్ళలో ఎన్నడూ లేనిది, కొడుకు తినడం కాకుండానే నన్ను కూర్చోబెట్టి నా కంచంలో తన చేత్తో వడ్డించింది. కుప్పగా వడ్డించింది. ఆ కుప్ప మీద కొత్తావకాయ నూనెతో సహా వేసింది.

"తిను. పొద్దున్నించి కాసుకు కూకున్నావు గదా, ఆకలేత్తంటాది" అంది.

బావ తలొంచుకుని తన కంచంలో తాను కలుపుకుంటున్నాడు. నేను తినేదాకా అత్త ఎదురుగా కూర్చుంది. మొత్తం తిన్నాను. పెంకితనం నాకూ ఆ వంశం నుంచే వచ్చింది.

తెల్లారాక వాష్‌బేసిన్ దగ్గర కక్కుకున్న దాంట్లో ఎర్రటి చార కనబడింది. ఆవకాయ ఎరుపు కాదు, వేరే ఎరుపు. నేనే ఆటో ఎక్కి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. మాత్రలు మార్చింది, మోతాదు పెంచింది. "మీరు మందు ఎంత వేసుకున్నా ఆ టైముకి తింటే పుండు మానదమ్మా. మీ ఇంట్లోవాళ్ళని తీసుకురండి, నేను చెప్తాను" అంది. ఇంట్లోవాళ్ళకి తెలీక కాదమ్మా అన్నాను.

ఆ సాయంత్రం ఏడింటికి హాల్లో ఫ్యాన్ కింద, టీవీ ఎదురుగా, అత్త కళ్ళ ముందు కంచం పెట్టుకుని కూర్చున్నాను. బీరకాయ పెసరపప్పు, మజ్జిగ. మొదటి ముద్ద కలుపుతూ గుమ్మం వంక రెండుసార్లు చూశాను. అలా చూసినందుకు నాకు నా మీదే కోపమొచ్చింది. అన్నం తినడానికి ఆ దొంగచూపులేమిటి?

అత్త నా కంచం వంక చూసింది. టీవీ ఆపింది. లేచి వెళ్ళి, వంటింట్లో నేను విడిగా తీసిపెట్టిన అన్నం గిన్నె ఎత్తి, అందులో నీళ్ళు పోసేసింది. రాత్రి పదింటికి తనే పొయ్యి వెలిగించి కొడుక్కి వేరే వండింది. ఆ రోజు నుంచి నేను వండింది ముట్టలేదు. నాతో మాట కూడా మానేసింది. ఏదైనా చెప్పాలంటే గోడకి చెప్పేది.

"సంసారం సేసే ఇంట్లో ఇలాటి ఇడ్డూరం ఎక్కడా సూడలేదు" అని గోడతో అనేది.

"గోడా, నాను కూడా సూడలేదని సెప్పు" అని నేను అనేదాన్ని.

నూకాలు మెట్ల దగ్గర నన్ను ఆపింది. "ఏటే సత్యా, మొగుడికంటే ముందే తినీత్తన్నావంట?" అంది, ఏదో లేచిపోయినదాన్ని అడిగినట్టు.

"ఔను. నువ్వూ తినీ. బాగుంటాది."

అది కొంగు సర్దుకుని గబగబా మెట్లెక్కిపోయింది.

బావ ఎటూ మాట్లాడలేదు. బి షిఫ్టు నుంచి వచ్చి తల్లి వండిన వేడన్నం తిని, సోఫా మీద పడుకుని, పొద్దున్న లేచి నా మొహం చూడకుండా బూట్లు తుడుచుకునేవాడు. ఎ షిఫ్టు వారాల్లో అందరం ఏడింటికే తినొచ్చు. కానీ అత్త అప్పుడు కూడా కొడుకు చేత తొమ్మిది దాకా ఆకలి లేదనిపించేది. ఇలా ఒక్క ఇంట్లో రెండు వంటలు, రెండు పొయ్యిలు, మూడు పడకలు. ఎండలు మండిపోతున్నాయి. ఇంట్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడేది కాదు.

ఒంట్లో మాత్రం తేడా తెలుస్తోంది. గొంతు తేటపడింది. ముద్ద ఆగడం మానేసింది. ఒక రాత్రి మంట లేకుండా తెల్లారింది. లేచి, ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించి, ఎవరూ లేక, కాకినాడ ఫోన్ చేసి మావాడికి చెప్పాను. "కంగ్రాట్స్ అమ్మా, క్లాసుంది" అన్నాడు.

ఒక మధ్యాహ్నం జాకెట్ చేతులు అతుకుతున్నాను. బావ డ్యూటీలో ఉన్నాడు. వంటింట్లో స్టీలు గ్లాసులో చెంచా తిరుగుతున్న చప్పుడు వినబడింది. మజ్జిగ కలిపే చప్పుడు అలా ఉండదు. లేచి వెళ్ళాను. అత్త గూడు దగ్గర నిలబడి గ్లాసు ఎత్తి గటగటా తాగుతోంది. పక్కనే ఆకుపచ్చ డబ్బా మూత తీసి ఉంది. నేను మూడొంతులు వదిలేసిన డబ్బా, అడుగంటిపోయింది.

"ఏటత్తా అది?"

ఉలిక్కిపడింది. నాతో మాట్లాడకూడదన్న సంగతి మరిచిపోయింది.

"ఏటీ లేదు. సోడా."

"సోడా పచ్చగా ఉంటాదేటి?"

గ్లాసు కింద పెట్టి కొంగుతో మూతి తుడుచుకుంది. మూతి మీద పచ్చటి గీత పూర్తిగా పోలేదు.

"నీకూ మంటేనా?"

"మంట ఎవులికి లేదు?"

"ఎప్పట్నించి?"

డబ్బాకి మూత పెట్టింది. ఆ మూత సరిగ్గా పడలేదు, మళ్ళీ తీసి పెట్టింది.

"సాయిగాడు కడుపులో ఉన్నప్పట్నించి" అంది. "మీ మాఁవ సంతకెళ్తే ఎప్పుడొత్తాడో తెల్దు. అతగాడొచ్చి తినేదాకా మా అత్త నన్ను కుండ ముట్టనిచ్చేది కాదు. ఆకలికి ఆగలేక సింతపిక్కలు ఏపుకు తినీదాన్ని."

నాకు అప్పుడు గోడా దిండూ గుర్తొచ్చాయి.

"అందుకేనా కూకుని తొంగుంతావు?"

ఆవిడ చెప్పక్కర్లేదు. వెల్లకిలా పడుకుంటే పులుపు గొంతులోకి వస్తుందని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. ఇరవై ఏళ్ళుగా ఆవిడ నన్ను కాపలా కాస్తోందనుకున్నాను.

ఇలాంటప్పుడు జాలి కలగాలంటారు. నాకు కలగలేదు. ఒళ్ళు మండిపోయింది.

"ఇదెలాగుంటాదో నీకు తెలుసు. నీకు తెలుసత్తా! తెలిసీ నన్ను కూకోబెట్టినావు. తెలిసీ నా కంచంలో ఆవకాయేసినావు."

"నాను కూకోలేదేటి?" అని కసిరింది. "నాకెవులు సెప్పేరు ఏడింటికి తినీయమని? నాకు గొట్టం ఏసి సూసీనోళ్ళెవులు? నాను కూకోలేదేటే?"

"నీ కొడుక్కి సెప్తాను."

"సెప్పు. నాకే జబ్బూ లేదంతాను. ఎవులి మాట నమ్ముతాడో సూద్దాం."

గ్లాసు కడిగి బోర్లించి, వెళ్ళి గోడకి చేరబడింది. టీవీ సౌండ్ పెంచింది. నేను వెళ్ళి జాకెట్ చెయ్యి తిరగేసి కుట్టాను. మళ్ళీ విప్పదీయాల్సి వచ్చింది.

తర్వాతి ఆదివారం మధులత వచ్చింది. బావకి వీక్లీ ఆఫ్. వస్తూనే గూట్లో డబ్బా తీసి తలకిందులు చేసి చూసి చప్పట్లు కొట్టింది.

"డబ్బా మొత్తం అయిపోయింది! సూసావా అన్నయ్యా, వదిన గొంతు ఎంత క్లియరైందో. నాను సెప్పలే? వదినా, ఒక ఫొటో తీత్తాను, మా గ్రూపులో పెడతాను. డబ్బా పట్టుకుని నవ్వు."

"నాను తాగలేదు" అన్నాను.

"మరి తగ్గిందేటి?"

"ఏడింటికి తింతన్నాను, మాత్ర ఏసుకుంతన్నాను, అందుకు తగ్గింది."

"డబ్బా దానంతటదే అయిపోయిందేటి?" అన్నాడు బావ. నెల రోజుల తర్వాత ఇంట్లో అతని గొంతు లేచింది. మంచి సందు దొరికిందనుకున్నాడు. "పొడితో తగ్గిపోయింది గదా. ఇంకెందుకీ పంతం? ఇంకో రెండు డబ్బాలు తెప్పిత్తాను. రేపు మళ్ళీ బి షిఫ్టు. మునపటిలాగే అందరం కలిసి తిందాం."

"కలిసి ఎప్పుడు తిన్నాం బావా?"

"నోరు తగ్గించు."

"డబ్బా ఎవులు తాగేరో మీయమ్మనడుగు."

అందరూ అటు తిరిగారు. అత్త గోడ దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. మొహం రాయిలా ఉంది.

"నాకేటి కరమ? ఆ గడ్డి నానెందుకు తాగుతాను?" అంది.

"అమ్మకేటి వదినా, రాయిలాంటి మనిషి" అంది మధులత.

"నీ పంతానికి ముసిల్దాని మీద కూడా ఏసీత్తన్నావా?" అని బావ లేచి నిలబడ్డాడు. "రేపట్నించి ఈ ఇంట్లో ఒక్కటే పొయ్యి ఎలగాల. నానొచ్చాకే తిండి. ఏడింటికే తినాలనుంటే మీ నాన్న కాడికెళ్ళి తిను."

నేను అత్త వంక చూశాను. ఆవిడ నా వంక చూడలేదు. మధులత ఫోన్ సంచిలో వేసుకుంది.

సోమవారం బావ డ్యూటీకి వెళ్ళిపోయాక సంచి సర్దాను. నాలుగు చీరలు, మాత్రలు, కత్తెర. సంచి తెచ్చి వీధి తలుపు పక్కన పెట్టాను. ఆ రాత్రి అతను వచ్చి నా ముందు కంచం పెట్టి నన్ను తినమంటే, తెల్లారి మొదటి బస్సుకి ఆనందపురం. ఉత్త బెదిరింపు కాదు, మా నాన్నకి ఫోన్ కూడా చేసేశాను. "అక్క ఒప్పుకోదేమోనే" అన్నాడు మా నాన్న. ఆయనకీ అక్కంటే భయమే.

మబ్బు పట్టింది. సాయంత్రం నాలుగు చినుకులు కూడా పడ్డాయి. ఆనపకాయ కూర, పెసరపప్పు వండాను. ఏడైంది. కంచం పెట్టుకున్నాను. ఈసారి గుమ్మం వంక చూడలేదు. ఇంక పోయేదేమీ లేదని తెలిశాక ఎవరి కోసం చూడాలి!

టీవీలో సీరియల్ నడుస్తోంది. మధ్యలో ఆగిపోయింది. అత్త లేచింది. మళ్ళీ అన్నం గిన్నెలో నీళ్ళు పోయడానికే అనుకుని నేనూ సగం లేచాను. పోస్తే ఈసారి ఆ గిన్నె ఆవిడ నెత్తిన బోర్లించేదాన్నే. ఆవిడ తలుపు పక్కన సంచి దగ్గర ఆగింది. కిందికి చూసింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి తన కంచం తెచ్చుకుని, నాకు వీపు పెట్టి, గోడకేసి తిరిగి కూర్చుంది.

"ఎయ్యి" అంది.

"ఏటి?"

"అన్నం. ఎయ్యవే."

వేశాను. కూర వేశాను. పప్పు పోశాను. వీపు మాత్రమే కనబడుతోంది నాకు. ముద్ద కలిపిన చెయ్యి కాసేపు కంచంలోనే ఆగింది. తర్వాత లేచింది.

"ఉప్పు లేదు."

"ఉండదు."

"కారం లేదు."

"అదీ ఉండదు."

"రోగిష్టి కూడు" అంది, మొత్తం తింది. మజ్జిగ అడిగి పోయించుకుంది. తన కంచం తనే కడుక్కుంది. చెయ్యి తుడుచుకుంటూ మళ్ళీ తలుపు దగ్గర ఆగింది.

"ఆ సంచి లోపలెట్టు. దారికడ్డం" అంది.

వెళ్ళి గోడకి చేరబడింది. టీవీ పెట్టుకుంది. నేను సంచి లోపల పెట్టాను. బావకి అన్నం, కూర విడిగా తీసి మూతపెట్టాను. మంచం మీద ఎడమవైపు తిరిగి పడుకున్నాను. అతను వచ్చేదాకా మేలుకుని, ఏం జరుగుతుందో చూద్దామనే అనుకున్నాను. కానీ నిద్ర పట్టేసింది. పెళ్ళయ్యాక బి షిఫ్టు వారంలో అతను రాకముందే నిద్రపోవడం అదే మొదలు.

పొద్దున్న లేచేసరికి బావ వంటింట్లో చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎవరి మీద అరవాలో తెలీని మొహం.

"ఈ ఇంట్లో ఏటి జరగతంది?" అన్నాడు. "రాత్రి నానొచ్చేసరికి నువ్వు తొంగున్నావు. అమ్మా తొంగుంది. గోడ కాడ కాదు, సోఫా మీద నా దిండు తీసీసుకుని, దాని మీద తన దిండేసుకుని, సాప మీద బారుగా తొంగుని గురక పెడతంది! లేపి, అమ్మా అన్నమెట్టు అంటే, 'మాం ఏడింటికే తినీసినాం' అని అటు తిరిగిపోయింది. వడ్డించీవోళ్ళు లేరు. కూర ఏ గిన్నిలో ఉందో తెలీక వంటిల్లంతా ఎతుక్కున్నాను!"

అత్త కిటికీ దగ్గర కూర్చుని అంబలి తాగుతోంది. గ్లాసులోంచి తల ఎత్తలేదు.

"దొరికింది గదా" అంది.